గత 30 రోజుల లెక్కలో వచ్చేదీ పోయేదీ

ఆన్‌లైన్‌లో సరుకు అమ్మేవాళ్లు పొద్దున లేవగానే చూసుకునే అంకె ఒకటుంటుంది. సెల్లర్ డ్యాష్‌బోర్డులో పైన ‘గత 30 రోజుల అమ్మకం’ అని, దాని పక్కన ఒక బాణం. పచ్చగా ఉంటే ప్రాణానికి హాయి, ఎర్రగా ఉంటే ఆ పూటంతా చికాకు. నిన్న 12 ఆర్డర్లు వచ్చాయి, మొన్నా 12, అటు మొన్నా అంతే. ధర మార్చలేదు, ప్రకటన ఆపలేదు, ఎవరూ చెడు రివ్యూ రాయలేదు. అయినా ఇవాళ బాణం ఎర్రబడింది. కారణం వెతికితే 31 రోజుల కిందట దొరుకుతుంది. ఆ రోజు ఏదో సేల్‌లో 90 ఆర్డర్లు వచ్చాయి. ఇవాళ్టితో ఆ రోజు లెక్కలోంచి జారిపోయింది.

రోజూ ముందు ఒక రోజును చేర్చుకుంటూ, వెనక ఒక రోజును వదిలేస్తూ సాగే లెక్కను రోలింగ్ లెక్క అంటున్నాం. అది కదలడానికి ఎప్పుడూ రెండు కారణాలుంటాయి. ఇవాళ చేరినది ఒకటి, ఇవాళ పోయినది రెండోది. అమ్మేవాళ్లూ, వాళ్లకు సలహాలిచ్చేవాళ్లూ, వాళ్లకు మార్కులేసే ప్లాట్‌ఫారాలూ మొదటిదాని గురించే మాట్లాడుకుంటారు. ఈ లెక్కల చుట్టూ కమ్ముకున్న గందరగోళంలో ముప్పాతిక భాగం రెండోదాన్ని పట్టించుకోకపోవడం వల్ల పుట్టిందేనని నా అభిప్రాయం. ఆ కోణం నుంచి ఈ విషయమంతటినీ ఒకసారి చూద్దాం.

చిట్టా, ఆవర్జా రాసుకునే కొట్టులో లెక్క నెలకోసారి, ఏడాదికోసారి కట్టేవారు. నెలవారీ పద్దుకు ఒక సుగుణం ఉంది. నెల ముగిశాక అది మారదు. లోపం కూడా అక్కడే ఉంది. మూడో తారీఖున తెరిచి చూస్తే అది చెప్పేది శూన్యం. నెలకు 28 రోజులా 31 రోజులా అన్న తేడా ఒకటి, నెలలో ఎన్ని ఆదివారాలు పడ్డాయన్నది మరొకటి. రోజూ ఆర్డర్లు, రోజూ రిటర్నులు, రోజూ ప్రకటనల ఖర్చు ఉండే వ్యాపారానికి నెలాఖరు దాకా ఆగే తీరిక లేదు. అందుకే ఏ రోజు చూసినా ఒకే పొడవు కాలాన్ని చూపే లెక్క కావాల్సి వచ్చింది.

ఇది ఇంటర్నెట్ కనిపెట్టినదేమీ కాదు. ఇంగ్లండులో పెళ్లిళ్ల సంఖ్యకూ వ్యాపారం జోరుకూ సంబంధం ఉందా అని వెతుకుతూ ఆర్.హెచ్. హుకర్ 1901లోనే ఇలాంటి కదిలే సగటు వాడాడు. అప్పటి నుంచి ధరలకు, పంటలకు, షేర్లకు వాడుతూనే ఉన్నారు. 2020లో కరోనా కేసుల పుణ్యమా అని ‘ఏడు రోజుల సగటు’ అన్న మాట ఇంటింటికీ చేరింది.

కానీ ఈ పనిముట్టుకు ఒక పాత హెచ్చరిక కూడా ఉంది. దాన్ని ఆన్‌లైన్ అమ్మకందారులు విననే లేదు. 1927లో మాస్కోలో యెవ్గెనీ స్లట్‌స్కీ అనే గణాంకవేత్త ఒక తమాషా పని చేశాడు. సోవియట్ ప్రభుత్వ లాటరీలో గెలిచిన నంబర్ల చివరి అంకెలు తీసుకున్నాడు. వాటిలో ఏ క్రమమూ ఉండదు, ఉండకూడదు కూడా. వాటిని పదేసి చొప్పున కూడుతూ, ఒక్కో అంకె ముందుకు జరుగుతూ పోయాడు. వచ్చిన గీతలో అందమైన ఎత్తుపల్లాలు కనిపించాయి. 1855 నుంచి 1877 దాకా ఇంగ్లండు వ్యాపారంలో వచ్చిన ఆటుపోట్ల గీతకు అది ఆశ్చర్యకరంగా దగ్గరగా ఉంది. గుడ్డిగా పడిన అంకెలకు కదిలే కూడిక తీస్తే చాలు, అలలు వాటంతటవే పుడతాయని తేలింది. ఇంగ్లండులో యూల్ అనే గణాంకవేత్త కూడా దాదాపు అదే కాలంలో ఇదే సంగతి గమనించినందున దీన్ని స్లట్‌స్కీ–యూల్ ప్రభావం అంటారు. స్లట్‌స్కీ వ్యాసం 1937లో ‘ఎకనోమెట్రికా’ పత్రికలో ఇంగ్లిషులో వచ్చాకే ప్రపంచానికి బాగా తెలిసింది.

మన డ్యాష్‌బోర్డులో ఏడు రోజుల గీత చేసేది అదే. అనుకోకుండా ఒక్క మంచి రోజు వస్తే ఆ గీత ఏడు రోజుల పాటు మెట్టెక్కి కూర్చుంటుంది. ఎనిమిదో రోజున దిగుతుంది. ఎక్కిన వారాన్ని చూసి ‘కొత్త ఫొటోలు పనిచేశాయి’ అంటారు. దిగినప్పుడు ‘పోటీవాడు ధర తగ్గించాడు’ అంటారు. రెండింటికీ ఆధారం లేదు.

ఇప్పుడు ప్లాట్‌ఫారాల సంగతి. ఈ హద్దులూ, లెక్కలోకి తీసుకునే రోజుల గడువులూ అప్పుడప్పుడూ మారుతుంటాయి. కిందివి ఇటీవలి కాలంలో అమల్లో ఉన్నవి. అమెజాన్ అమెరికా మార్కెట్లో సొంతంగా సరుకు పంపే అమ్మకందారు తానే రద్దు చేసిన ఆర్డర్లు ఏడు రోజుల లెక్కలో 2.5 శాతం దాటకూడదు. ఆలస్యంగా పంపినవి 10 రోజుల లెక్కలోనూ 30 రోజుల లెక్కలోనూ 4 శాతం లోపే ఉండాలి. చెడు ఫీడ్‌బ్యాక్, డబ్బు వాపసు క్లెయిములు, కార్డు వివాదాలు కలిపి చూసే ఆర్డర్ డిఫెక్ట్ రేటు 60 రోజుల లెక్కలో 1 శాతం లోపు. గిడ్డంగిలో సరుకు ఎంత వేగంగా కదులుతోందన్నది 90 రోజులు. ఖాతా ఆరోగ్యం మార్కు 180 రోజులు. ఒకే అమ్మకందారును ఒకే కంపెనీ ఇన్ని పొడవుల్లో కొలుస్తోంది. చూడటానికి చిందరవందరగా ఉన్నా ఇందులో ఒక తర్కం ఉంది. స్టాకు లేక రద్దు చేయడం ఇవాళ చేసిన తప్పు, ఇవాళే తెలిసిపోతుంది. అందుకని ఏడు రోజులు చాలు. కొన్నవాడి ఫిర్యాదు నింపాదిగా వస్తుంది, దానికి రెండు నెలలు ఆగాలి. తప్పు బయటపడటానికి పట్టే కాలాన్ని బట్టి గడువు పొడవు ఉండాలన్నమాట. ఈ ఒక్క సూత్రం తెలిస్తే సొంత లెక్కలకు గడువు ఎంచుకోవడంలో సగం పని అయిపోతుంది.

మిగతా సగం ఈబేలో కనిపిస్తుంది. అక్కడ ప్రతి నెలా 20న అమ్మకందారుల స్థాయి తేలుస్తారు. గత మూడు నెలల్లో 400 లేదా అంతకుమించి లావాదేవీలు చేసినవారికి మూడు నెలల లెక్క. అంతకన్నా తక్కువ చేసినవారికి 12 నెలల లెక్క. పెద్ద కొట్టుకు పొట్టి గడువు, చిన్న కొట్టుకు పొడుగు గడువు. నేను చూసినంతలో ఈ రంగంలో ఇంత తెలివైన నియమం ఇంకొకటి లేదు. రోజుకు 200 ఆర్డర్లు పంపేవాడికి 60 రోజుల్లో నాలుగు ఫిర్యాదులొస్తే అది లెక్కలోకే రాదు. 60 రోజుల్లో 40 చీరలు అమ్మిన మంగళగిరి నేత కుటుంబానికి ఒక్క ఫిర్యాదు వస్తే రేటు 2.5 శాతం. హద్దు 1 శాతమైతే ఆ ఒక్కదానితోనే గీత దాటిపోయినట్టే. తప్పు చేయడం వేరు, భాగించే అంకె చిన్నది కావడం వేరు. గడువును రోజుల్లో కాకుండా ఆర్డర్ల సంఖ్యలో పెట్టడం, అంటే ‘గత 30 రోజులు’కు బదులు ‘గత 200 ఆర్డర్లు’ అనడం, చిన్న అమ్మకందారు తన నోటుబుక్కులో ఇవాళే మొదలుపెట్టగల పని.

ఎట్సీలో స్టార్ సెల్లర్ బిళ్ల 2021లో వచ్చింది. నెల మొదటి తారీఖున వెనక్కి మూడు నెలలు చూసి ఇస్తారు. అదే ఎట్సీలో బయటి సైట్లలో వేసే ప్రకటనల నియమం ఒకటుంది. వెనక్కి చూసిన 365 రోజుల్లో అమ్మకం 10,000 డాలర్లు దాటిన దుకాణం ఆ ప్రకటనల్లో ఉండి తీరాలి. ఒకసారి దాటాక, తర్వాత అమ్మకం పడిపోయినా ఆ దుకాణం ఉన్నంతకాలం బయటపడే వీలు లేదు. లోపలికి వచ్చేటప్పుడు రోలింగ్ లెక్క, బయటికి పోయేటప్పుడు ఏ లెక్కా లేదు. నియమాలు రాసేవాళ్లకు పనికొచ్చే వైపే గడువు కదులుతుందని దీన్ని చూస్తే అనిపిస్తుంది.

చట్టాల్లోనూ ఈ తేడా ఉంది. బ్రిటన్‌లో వ్యాట్ రిజిస్ట్రేషన్‌కు 2024 ఏప్రిల్ నుంచి హద్దు 90,000 పౌండ్లు. అది ఏ 12 నెలలైనా సరే, ప్రతి నెలాఖరునా వెనక్కి తిరిగి కూడుకోవాలి. ఇండియాలో జీఎస్టీ హద్దు ఆర్థిక సంవత్సరానికి కట్టుబడింది. సరుకుల వ్యాపారానికి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. ఏప్రిల్ 1న మీటరు మళ్లీ సున్నా నుంచి మొదలు. సొంత రాష్ట్రం దాటి ఆన్‌లైన్‌లో సరుకు అమ్మాలంటే ఈ హద్దుతో పని లేకుండానే రిజిస్ట్రేషన్ కావాలి, అది వేరే సంగతి. లెస్టర్‌లో కూర్చుని పోచంపల్లి చీరలమ్మే మనవాళ్లకు ఇక్కడి అలవాటు అక్కడ చిక్కు తెస్తుంది. మార్చి దాటిందిలే అని ఊపిరి పీల్చుకుంటే అక్కడ గత అక్టోబరు దీపావళి అమ్మకం ఇంకా లెక్కలోనే ఉంటుంది.

ఇక అసలు వివాదం, ఎన్ని రోజులు? ఏడా, ఇరవై ఎనిమిదా, ముప్పయ్యా, తొంభయ్యా?

28, 30ల మధ్య ఉన్నది రెండు రోజులే కదా అనిపిస్తుంది. ఒక కొట్టు సోమ నుంచి శుక్ర దాకా రోజుకు 10, శని ఆదివారాల్లో 20 చొప్పున అమ్ముతోందనుకుందాం. వారానికి 90. నాలుగు వారాలకు, అంటే 28 రోజులకు, ఏ రోజు చూసినా 360. ఒక్కటి అటూ ఇటూ కాదు. 30 రోజుల లెక్క తీసుకుంటే నాలుగు వారాలకు పైన మరో రెండు రోజులు అదనం. ఆ రెండూ మామూలు రోజులైతే 380, శని ఆదివారాలైతే 400. వ్యాపారంలో వెంట్రుకవాసి మార్పు లేకుండానే అంకె అయిదు శాతం ఊగుతుంది, బాణం రంగులు మారుస్తుంది. ఏడుతో భాగించబడే గడువు పెట్టుకుంటే ఈ గోల ఉండదు. యూట్యూబ్ స్టూడియో, గూగుల్ అనలిటిక్స్ ముందుగా 28 రోజులే చూపించడంలోని సుఖం ఇదే. మార్కెట్‌ప్లేస్‌లు మాత్రం 30నీ 31నీ పట్టుకు వేలాడుతున్నాయి. నెల అన్న మాటకు ఉన్న మోజు తప్ప దీనికి కారణమేమీ నాకు కనిపించదు.

పొడవు పెంచితే అంకె నిలకడగా ఉంటుంది, కానీ పాతబడుతుంది. గడువులోని రోజుల సగటు వయసు లెక్కేస్తే ఇది తెలుస్తుంది. ఏడు రోజుల సగటు మూడు రోజుల కిందటి పరిస్థితిని చెబుతోంది. 30 రోజులది రెండు వారాల కిందటిది. 90 రోజులది నెలన్నర కిందటిది. 365 రోజులది ఆరు నెలల కిందటిది. గోదాములో సరుకు తెప్పించే నిర్ణయం ఏడాది సగటు మీద తీసుకునేవాడు నిజానికి ఆరు నెలల కిందటి గిరాకీకి సరుకు తెప్పిస్తున్నాడు.

పొట్టి గడువుకు ఉన్న రోగం వేరు. విడివిడిగా, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా వచ్చే కొనుగోలుదారుల సంఖ్య దానంతట అదే ఎంత ఊగుతుందో చెప్పడానికి ఒక మోటు కొలత ఉంది, ఆ సంఖ్య వర్గమూలం. వారానికి 25 ఆర్డర్లు వచ్చే కొట్టులో 20 వచ్చినా 30 వచ్చినా అది మామూలే. నెలకు 100 వచ్చే చోట ఈ నెల 100, పోయిన నెల 115 అయితే, రెండింటిలోనూ ఊగిసలాట ఉంటుంది కనుక, దాన్ని పడిపోవడం అనలేం. ఈ లెక్క డ్యాష్‌బోర్డులో ఎక్కడా ఉండదు. 25 నుంచి 20కి దిగితే అక్కడ కనిపించేది ‘20 శాతం తగ్గుదల’ అన్న ఎర్ర అక్షరాలే. వాటిని చూసి ధర తగ్గించుకున్న కొట్లు ఎన్నో.

అందుకే ఒక గడువుతో సరిపెట్టుకోకుండా రెంటిని జోడించడం మేలని అనుభవజ్ఞులంతా ఒప్పుకుంటారు. గిడ్డంగిలో సరుకు తక్కువగా ఉంచేవాళ్ల మీద అమెజాన్ 2024లో అమెరికాలో పెట్టిన రుసుములో ఇది బాహాటంగానే ఉంది. గత 90 రోజుల వేగం ప్రకారమూ, గత 30 రోజుల వేగం ప్రకారమూ, రెండింటి లెక్కలోనూ నిల్వ 28 రోజులకు చాలదని తేలితేనే వడ్డన. ఒక గడువు అబద్ధం చెబితే రెండోది అడ్డుపడుతుంది. సొంత కొట్టులోనూ అంతే, ఏడు రోజుల సగటూ 28 రోజుల సగటూ ఒకే దిక్కుకు కదిలితే పట్టించుకోవాలి. ఒకటి అటూ ఒకటి ఇటూ పోతుంటే ఇంకో వారం ఆగాలి.

ఇప్పటిదాకా చెప్పింది కూడికల గురించి. నిష్పత్తుల దగ్గరికొస్తే సంగతి మరీ చిక్కు. మన దేశంలో ఆన్‌లైన్ బట్టల వ్యాపారాన్ని ముంచేదీ తేల్చేదీ రిటర్నుల శాతం. క్యాష్ ఆన్ డెలివరీలో తలుపు దాకా వెళ్లి తిరిగొచ్చే ఆర్‌టీవో పార్శిళ్లు దీనికి తోడు. ఈ శాతాన్ని చాలామంది ‘ఈ గడువులో వచ్చిన రిటర్నులు’ను ‘ఈ గడువులో వచ్చిన ఆర్డర్లు’తో భాగించి తీస్తారు. కాసేపు కాగితం మీద నడిపి చూద్దాం. ఒక కొట్టుకు వారానికి 100 ఆర్డర్లు. ప్రతి 100లో 20 తిరిగొస్తాయి, సరిగ్గా రెండు వారాల తర్వాత. ఇందులో ఎప్పుడూ మార్పు లేదు, అసలు రిటర్ను రేటు 20 శాతమే. మధ్యలో ఒక్క వారం పండగ సేల్, 500 ఆర్డర్లు.

సేల్ వారం ముగిసిన రోజున ఏడు రోజుల లెక్క తీస్తే 500 ఆర్డర్లకు 20 రిటర్నులు, 4 శాతం. యజమాని మురిసిపోతాడు. రెండు వారాల తర్వాత అదే లెక్క తీస్తే 100 ఆర్డర్లకు 100 రిటర్నులు, నూటికి నూరు శాతం. పొట్టి గడువు కనుక ఇలా అయింది, 28 రోజులైతే సర్దుకుంటుందిలే అంటారా? సేల్ వారం ముగిసిన రోజున 28 రోజుల లెక్కలో 800 ఆర్డర్లు, 80 రిటర్నులు, 10 శాతం. రెండు వారాలు గడిచాక 800 ఆర్డర్లు, 160 రిటర్నులు, సరిగ్గా 20. ఇంకో రెండు వారాలకు సేల్ వారం గడువులోంచి జారిపోతుంది. దాని 500 ఆర్డర్లు పోయాయి, దాని 100 రిటర్నులు మాత్రం ఇంకా లోపలే ఉన్నాయి. 400 ఆర్డర్లకు 160 రిటర్నులు, 40 శాతం. ఒక్క చీర నాణ్యతా మారలేదు, ఒక్క కొనుగోలుదారు బుద్ధీ మారలేదు. 10, 20, 40 అని అంకె రెట్టింపు చొప్పున పెరిగింది. ఆ మూడో అంకె చూసి సప్లయర్‌ను మార్చేసిన కొట్టు యజమానిని తప్పుపట్టడం కష్టం, అతనికి కనిపించింది అదే.

దీనికి మందు తెలిసిందే. రిటర్నును అది వచ్చిన తేదీన రాయకుండా దాని ఆర్డరు తేదీ కింద రాయాలి. సెప్టెంబరు చివరి వారం ఆర్డర్లలో ఎన్ని తిరిగొచ్చాయన్నది అక్టోబరు మూడో వారంలో తేలుతుంది. అప్పటిదాకా ఆ గడి ఖాళీగా ఉంచాలి. ఆ ఖాళీని భరించలేకే జనం తప్పు లెక్కకు పోతారు.

ఇదే లెక్క తిరగేసి చూస్తే ఇంకో పొరపాటు బయటపడుతుంది. డిఫెక్ట్ రేటు హద్దుకు దగ్గరపడినప్పుడు కొందరు కొన్నాళ్లు కొట్టు మూసి, చెడ్డ ఆర్డర్లు గడువు దాటిపోయాక తెరుద్దామనుకుంటారు. మూసిన రోజుల్లో కొత్త ఆర్డర్లు చేరవు. పాత మంచి ఆర్డర్లు మాత్రం రోజూ జారిపోతుంటాయి. చెడ్డ ఆర్డరు గడువు చివరికి వచ్చేదాకా భాగించే అంకె చిక్కిపోతూ, శాతం పెరుగుతూనే ఉంటుంది. దాక్కుందామని వెళ్లి దొరికిపోవడమన్నమాట.

గడువులో ఒక అసాధారణ సంఘటన చిక్కుకుంటే ఏం చేయాలన్నది ఇంకా తెగని ప్రశ్న. 2020 ఏప్రిల్ మొదట్లో అమెరికాలో గుడ్డ మాస్కులు వాడమని ప్రభుత్వ ఆరోగ్య సంస్థ చెప్పగానే ఎట్సీలో మాస్కుల కోసం జనం విరగబడ్డారు. ఆ ఏడాది ఏప్రిల్–జూన్ మూడు నెలల్లో ఎట్సీలో 34.6 కోట్ల డాలర్ల మాస్కులు అమ్ముడుపోయాయి, ఆ మార్కెట్ మొత్తం అమ్మకంలో సుమారు 14 శాతం. ఏడు రోజుల గీత చూసినవాళ్లకు ఆ గిరాకీ వెంటనే తెలిసింది. ఏడాది గీత చూసినవాళ్లకు కుట్టుమిషన్లు కొనే సమయం దాటిపోయాక తెలిసింది. ఎట్సీ తన ఫలితాల్లో మాస్కులు కలిపి ఒక అంకె, మాస్కులు తీసేసి ఒక అంకె ఇచ్చింది. ఆ నిజాయితీ మెచ్చుకోదగ్గదే. చిన్న కొట్టు యజమానికి మాత్రం దేన్ని ‘ఒక్కసారి జరిగేది’ అనుకుని పక్కన పెట్టాలో, దేన్ని కొత్త దారి అనుకుని పట్టుకోవాలో ఆ రోజున తెలియదు. గణాంకశాస్త్రం ఇక్కడ పెద్దగా సాయపడదు.

మన దగ్గర 2025లో అలాంటిదే జరిగింది. ఆగస్టు 15న ప్రధాని జీఎస్టీ తగ్గుతుందని ప్రకటించారు. సెప్టెంబరు 3న కౌన్సిల్ నిర్ణయించింది. 22న కొత్త రేట్లు అమల్లోకొచ్చాయి. 28 నుంచి 18 శాతానికి దిగే ఏసీలూ పెద్ద టీవీలూ ఆ అయిదు వారాల్లో ఎవరు కొంటారు? మర్నాడే, 23న, ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ పండగ సేళ్లు మొదలయ్యాయి. ఆ నెల 21తో ముగిసే 30 రోజుల లెక్క గొయ్యి. తర్వాతి లెక్క కొండ. గొయ్యిని చూసి భయపడ్డవాడూ కొండను చూసి పొంగిపోయినవాడూ ఒకే కొనుగోళ్లను రెండుసార్లు చూశారు.

పెద్ద సంగతుల మధ్య చిన్న మురికి మర్చిపోకూడదు. ప్లాట్‌ఫారాల నుంచి దించుకునే అమ్మకాల రిపోర్టులో ఆర్డరు లేని రోజుకు చాలాసార్లు వరసే ఉండదు. ఎక్సెల్‌లో చివరి 30 వరసలు కూడితే అవి 30 రోజులు కావు, 40 కావచ్చు. సున్నా రోజులను చేత్తో అయినా చేర్చాలి. అమెరికా అమెజాన్‌లో అమ్మే హైదరాబాదు ఎగుమతిదారుకు అక్కడి రోజు పసిఫిక్ కాలమానం ప్రకారం ముగుస్తుంది. అంటే మనకు ఎండాకాలంలో మధ్యాహ్నం పన్నెండున్నర, చలికాలంలో ఒకటిన్నర. పొద్దున తొమ్మిదింటికి ‘నిన్న’ అని చూసేది ఇంకా ముగియని రోజు.

వీటన్నిటికన్నా ఖరీదైనది స్టాకు లేని రోజుల సంగతి. గత 30 రోజుల్లో 54 ముక్కలు అమ్మారు, రోజుకు 1.8 అనుకున్నారు. అందులో 12 రోజులు సరుకే లేదు. సరుకున్న 18 రోజుల్లో అమ్మింది 54, అంటే రోజుకు 3. నెలకు 90 తెప్పించాల్సిన చోట 54 తెప్పిస్తే అది 18 రోజులకే అయిపోతుంది, వచ్చే నెల లెక్క మళ్లీ 1.8 అని చెబుతుంది. తన తప్పును తానే రుజువు చేసుకుంటూ పోయే లెక్క ఇది. పొడవు మార్చినా నయం కాదు. భాగించాల్సింది సరుకున్న రోజులతో.

పోయే రోజు తెచ్చే కుదుపును తీసేసే పద్ధతి ఒకటి 1950లలోనే ఉంది. అమెరికా నౌకాదళంలో విడిభాగాల గిరాకీ అంచనాల మీద పనిచేసిన రాబర్ట్ బ్రౌన్ దాన్ని తీర్చిదిద్ది 1959లో పుస్తకం రాశాడు. ఆ పద్ధతిలో గడువంటూ ఉండదు. నిన్నటి సగటులో కొంత, ఇవాళ్టి అమ్మకంలో కొంత కలిపి కొత్త సగటు. పాత రోజులు ఒక్కసారిగా జారిపోవు, రోజురోజుకూ బరువు తగ్గుతూ కరిగిపోతాయి. 31 రోజుల కిందటి సేల్ ఇవాళ బాణాన్ని ఎర్రబరచదు. ఎక్సెల్‌లో ఒక్క వరస ఫార్ములా చాలు. ఇంత మంచిది మార్కెట్‌ప్లేస్‌లు ఎందుకు వాడవంటే, ‘గత 60 రోజుల్లో 1 శాతం’ అన్న నియమాన్ని ఎవరైనా సరిచూసుకోగలరు, కరిగిపోయే సగటు మీద ఖాతా మూసేస్తే ఎవరూ ఒప్పుకోరు. మార్కులేసే పనికి గడువు లెక్క, సొంత నిర్ణయాలకు కరిగే సగటు. నేనైతే ఇలాగే విడదీస్తాను.

ఇక మిగిలింది పండగలు. మన దగ్గర ఈ లెక్కలన్నీ బోర్లా పడేది అక్కడే. ‘గత 30 రోజులు’ను ‘నిరుడు అవే 30 రోజులు’తో పోల్చమని డ్యాష్‌బోర్డు చెబుతుంది. చీరలమ్మే కొట్టుకు జులై 17 నుంచి ఆగస్టు 15 దాకా తీసుకుందాం. 2023లో ఆ గడువు మొదటి రోజు తప్ప అంతా అధిక శ్రావణం, పెళ్లిళ్లు లేవు, వ్రతాలు లేవు. నిజ శ్రావణం ఆగస్టు 17న మొదలైంది. అంటే గడువులో పడ్డ శ్రావణ దినాలు సున్నా. 2024లో శ్రావణం ఆగస్టు 5న వచ్చింది. గడువులో 11 రోజులు, వరలక్ష్మీ వ్రతం మాత్రం గడువు దాటిన మర్నాడు. 2025లో జులై 25నే శ్రావణం, గడువులో 22 రోజులు, వ్రతం ఆగస్టు 8న లోపలే. ఈ మూడేళ్లూ ఆ కొట్టు ఒకేలా నడిచినా డ్యాష్‌బోర్డు మాత్రం ఏటా దూసుకుపోతోందని చూపిస్తుంది.

ఈ సమస్య మనకే కాదు. చైనాలో చాంద్రమాన కొత్త సంవత్సరం జనవరికీ ఫిబ్రవరికీ మధ్య తిరుగుతుంటుంది కనుక అక్కడి గణాంక సంస్థ ఆ రెండు నెలల చిల్లర అమ్మకాలను కలిపి ఒకే అంకెగా ఇస్తుంది. అమెరికా సెన్సస్ బ్యూరో వాడే ఎక్స్-13 అనే పద్ధతిలో ఈస్టర్ ముందే అమర్చి ఉంటుంది. దసరా, దీపావళి తేదీలు మనమే ఎక్కించాలి. చేతికందే పని ఒకటే, గడువును తారీఖుతో కాకుండా పండగతో కట్టడం.

2026లో జ్యేష్ఠం అధికం. శ్రావణం ఆగస్టు 13కు జరిగింది. జులై 17 – ఆగస్టు 15 గడువులో శ్రావణ దినాలు మూడే, కిందటేడు 22. బాణం ఎర్రగా ఉండక తప్పదు. పంచాంగం ప్రకారం దానికి సరైన జోడీ 2025 జూన్ 28 – జులై 27. అలా జత కలిపితే శ్రావణం సరిపోతుంది, ఆషాఢం సరిపోతుంది. కానీ ప్లాట్‌ఫారాలు స్వాతంత్ర్య దినోత్సవం పేరుతో ఏటా పెట్టే సేళ్లు ఇంగ్లిషు తారీఖుల్నే పట్టుకుని వస్తాయి. అవి ఈ ఏటి గడువులో ఉంటాయి, జోడీ కట్టిన నిరుటి గడువులో ఉండవు. చీరల కొట్టు వరకైతే సేల్ రోజుల అమ్మకాన్ని వేరే వరసలో రాసుకుని, మిగతా రోజులను తిథుల ప్రకారం పోల్చుకోవచ్చు. సేల్‌లో కొన్న చీరే వ్రతానికి కట్టుకునే చీరైతే ఆ ఆర్డరును ఏ వరసలో వేయాలో ఇంతవరకు ఏ డ్యాష్‌బోర్డూ చెప్పలేదు.